మిద్దె మీద అయోడిన్ గడియారం: నాలుగో ఆదివారం లెక్కలు

అయోడిన్ గడియారం అంటే రంగులేని రెండు ద్రవాలు కలిపితే కాసేపటికి ఒక్కసారిగా నల్లనీలమయ్యే ప్రయోగం, ఆ కాసేపు ఎంతో కొలవడమే నా పని. ఇదంతా ఒక తికమకతో మొదలైంది. పొద్దున కుండ నీళ్లతో చేస్తే నిమిషం దాటాక గానీ నీలం రాలేదు, అవే కొలతలతో మధ్యాహ్నం ట్యాంకు నీళ్లతో చేస్తే ఇరవై సెకన్లు కూడా పట్టలేదు. కర్నూలు మే నెల కదా, ట్యాంకు నీళ్లలో థర్మామీటర్ పెడితే 42 డిగ్రీలు!

సరుకంతా మెడికల్ షాపులో దొరికేదే. 500 మిల్లీగ్రాముల విటమిన్ సి బిళ్లను పొడి చేసి 30 మి.లీ. నీళ్లలో కలిపి, అందులోంచి 5 మి.లీ. తీసి 5 మి.లీ. టింక్చర్ అయోడిన్‌లో పోస్తే ఆ గోధుమరంగు అక్కడికక్కడే విరిగిపోతుంది. దానికి 60 మి.లీ. నీళ్లు. రెండో గ్లాసులో 60 మి.లీ. నీళ్లు, 15 మి.లీ. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ (సీసా మీద 6 అని ఉంటే సగానికి సగం నీళ్లు కలపండి), అర చెంచా పలచటి గంజి. రెండూ కలిపి స్టాప్‌వాచ్ నొక్కాలి. పెరాక్సైడ్ అయోడిన్‌ను మళ్లీ పుట్టిస్తూ ఉంటుంది, విటమిన్ సి దాన్ని మింగేస్తూ ఉంటుంది, అది అయిపోయిన క్షణాన గంజి భగ్గుమని నల్లనీలం అవుతుంది. గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకోండి, తాగే గ్లాసులు వాడొద్దు. జ్వరం థర్మామీటర్ పనికిరాదు.

మొదటి రెండు వారాలు వృథా. ఒక్క గ్లాసు వేడే కొలిచేవాణ్ని, రెండోది చల్లగా ఉండేది. ఇప్పుడు రెండింటినీ ఒకే బేసిన్ నీళ్లలో పది నిమిషాలు ఉంచి, కలిపాక ఇంకోసారి చూస్తున్నా.

12 డిగ్రీల దగ్గర 142 సెకన్లు, 22 దగ్గర 66, 32 దగ్గర 34, 42 దగ్గర 18. ప్రతి పదికీ సమయం సగానికి దగ్గరగా పడిపోతోంది.

22 నుంచి 32 అంటే కెల్విన్లలో (సెల్సియస్‌కు 273 కలిపితే వచ్చేవి) 295 నుంచి 305, మూడున్నర శాతం కూడా పెరగలేదు, మరి వేగం రెట్టింపు ఎలా? 1889లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త అర్హీనియస్ ఇచ్చిన సూత్రంలో జవాబుంది. అణువులు ఒకదాన్నొకటి ఢీకొంటే చాలదు, యాక్టివేషన్ ఎనర్జీ అనే గట్టును దాటగలిగే శక్తి ఉన్న ఢీకొట్టుళ్లే లెక్కలోకి వస్తాయి, వాటి వాటా యాక్టివేషన్ ఎనర్జీని 8.314తోనూ (ఇది వాయు స్థిరాంకం) కెల్విన్ ఉష్ణోగ్రతతోనూ భాగించి, వచ్చినదాన్ని మైనస్ ఘాతంగా 2.718 మీద పెడితే వస్తుంది. సెకన్ల సహజ లాగ్ (2.718 ఆధారంగా తీసే లాగరిథమ్) నిలువుగా, 1 బై కెల్విన్ అడ్డంగా గీస్తే నా నాలుగు చుక్కలూ దాదాపు ఒకే గీత మీద కూర్చున్నాయి (సెల్సియస్‌లో గీస్తే కూర్చోవు, 273 కలపడం మరవొద్దు). వాలు సుమారు 6160, దాన్ని 8.314తో గుణిస్తే మోల్‌కు 51 కిలోజౌళ్లు, అదే నా యాక్టివేషన్ ఎనర్జీ. ఆ అంకెను మళ్లీ సూత్రంలో పెట్టి చూశా: 295 దగ్గర గట్టు దాటేవి వంద కోట్లలో ఒకటి, 305 దగ్గర రెండు. ఆ రెండు చూసి కాసేపు కదల్లేదు నేను.

ఈ గీతను పొడిగిస్తే 5 డిగ్రీల దగ్గర 245 సెకన్లు రావాలి. ఇవాళ సాయంత్రం ఐసు తెచ్చి చేశా. 238 వచ్చింది.