లెక్కలు నేర్పే ఆటకు బొమ్మలు గీసేటప్పుడు

ఒక తెర మీద ఏడు పిట్టలు. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి అంకె నొక్కాలి. పిట్టకో రంగు, వెనక కదిలే మబ్బులు, మూలన గంతులేసే కుందేలు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కానీ పిల్లల వేలు నేరుగా కుందేలు మీదికి పోతుంది. నేర్పే ఆటలో కంటికి ముందుగా తగలాల్సింది నేర్వాల్సిన విషయమే. మిగతాదంతా వెలిసిన రంగుల్లో, కదలకుండా ఉండాలి.

ఇది సరిపోయిందో లేదో చూడటానికి, బొమ్మని నలుపు తెలుపులోకి మార్చి వంద పిక్సెళ్ల వెడల్పుకి కుదించండి. పిట్టలు అప్పుడూ విడిగా కనిపించాలి. నేపథ్యంలో కలిసిపోతే రంగు మార్చి లాభం లేదు, వెలుగునీడల తేడా పెంచాలి.

అసలు పని అమరికలో ఉంది. మూడు నాలుగు వస్తువుల దాకా ఎవరైనా లెక్కపెట్టకుండానే ఎన్నో చెప్పగలరు. అంతకు మించితే ఒక్కొక్కటే ఎంచాలి. ఏడు పిట్టల్ని చెదరగొట్టి గీస్తే ఏది ఎంచారో ఏది ఎంచలేదో పిల్లలు మర్చిపోతారు. పై వరసలో ఐదు, కింద రెండు పెడితే ఐదూ రెండూ ఏడన్న సంగతి బొమ్మే చెబుతుంది. చెదిరిన అమరిక పై స్థాయిలకు ఉంచుకోండి. అక్కడ కూడా తాకిన పిట్ట రంగు మారి అలాగే ఉండిపోవాలి. "ఏ గుంపులో ఎక్కువ?" అని అడిగే తెరలో ఇంకో చిక్కుంది. ఎక్కువున్న గుంపే ప్రతిసారీ ఎక్కువ చోటు ఆక్రమిస్తే, పిల్లలు సంఖ్యని కాక వైశాల్యాన్ని చూసి జవాబిస్తారు. అందుకే కొన్నిసార్లు మూడు పెద్ద పిట్టల పక్కన ఐదు చిన్నవి పెట్టాలి.

తరచుగా కనిపించే లోపం తప్పు జవాబు దగ్గరుంటుంది. తప్పు నొక్కితే బుడగ ఢామ్మని పేలి, ఒప్పుకి చిన్న టిక్కు పడితే, పిల్లలు కావాలనే తప్పు నొక్కుతారు. అది వాళ్ల తప్పు కాదు, యానిమేషన్ చేసినవాళ్లది. తప్పుకి పావు సెకను చిన్న కదలిక చాలు. వెంటనే పిట్టలు ఒక్కొక్కటే వెలుగుతూ లెక్క మొదటినుంచి వినిపించాలి. ఒప్పు జవాబుకిచ్చే వేడుకలోనూ లెక్క ఉండాలి: ఐదు పిట్టలు ఒక బారుగా, రెండు ఇంకో బారుగా ఎగిరిపోవాలి. ఏ మెరుపైనా సెకనుకి మూడుసార్లకు మించకూడదు, అది మూర్ఛ వచ్చేవాళ్లకు ప్రమాదం.

బటన్లకు ఆపిల్ చెప్పే 44 పాయింట్లు, ఆండ్రాయిడ్ చెప్పే 48 డీపీ (రెండూ తెర మీది కొలతలకు వాడే యూనిట్లు) కనీస కొలతలే. చిన్నపిల్లలకు దాదాపు రెండు సెంటీమీటర్లు ఇవ్వండి. తెర అంచుకి ఆనించి పెట్టకండి, టాబ్లెట్ పట్టుకున్న బొటనవేలు అక్కడే ఉంటుంది. ఒప్పు తప్పుల్ని ఎరుపు ఆకుపచ్చలతో మాత్రమే చూపితే ఆ రెండు రంగుల తేడా తెలియనివాళ్లకు అర్థం కాదు, కాబట్టి ఆకారం కూడా మారాలి.

అక్షరాల్ని బొమ్మలో కలిపేసి ఎగుమతి చేయొద్దు, తర్వాత ఒక్క మాట మార్చాలన్నా బొమ్మంతా మళ్లీ చేయాలి. తెలుగుకి వరసల మధ్య దూరం అక్షరం కొలతకి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి, లేకపోతే కింది ఒత్తులు తెగిపోతాయి. ఆటలు తయారుచేసే ఇంజన్ యూనిటీలో అక్షరాలు చూపే టెక్స్ట్‌మెష్ ప్రోలో ఒత్తులు విడిపోవడం మామూలే. అలాంటిదే ఇంకో ఇంజన్ గోడో 4లో సరిగా కలుస్తాయి. ఏ ఇంజన్ అయినా "స్త్రీ", "లక్ష్మి" రాసి మొదటిరోజే చూసుకోవాలి.

ఇక ఫైళ్లు. పీఎన్‌జీ 300 కేబీయే ఉన్నా, 2048×2048 బొమ్మ కుదింపు లేకుండా మెమరీలో 16 ఎంబీ తింటుంది. ఏఎస్‌టీసీ 4×4 అనే కుదింపు పద్ధతితో అది 4 ఎంబీకి దిగుతుంది. అయితే చదునైన రంగుల అంచుల్లో మచ్చలు రావచ్చు, ఫోన్ మీదే పెట్టి చూడండి. ఒకే షీటులో పేర్చిన బొమ్మల మధ్య నాలుగు పిక్సెళ్లు ఖాళీ వదలండి. వదలకపోతే పిట్ట రెక్క పక్కన పొరుగు బొమ్మ రంగు సన్నటి గీతలా కనిపిస్తుంది.