ఈ వారం మా కాలేజీలో

మా కమ్యూనిటీ కాలేజీ ట్యూటరింగ్ సెంటర్‌లో ముందు డెస్క్ దగ్గర కూర్చునే ఆవిడ శుక్రవారం రిటైరవుతున్నారు. లెక్కల ట్యూటర్‌గా నా మొదటి రోజున ఆవిడ ఒకే మాట చెప్పారు: "తలుపు దగ్గర ఎవరైనా తటపటాయిస్తుంటే నువ్వే లేచి వెళ్లి పిలువు. వాళ్లంతట వాళ్లు రారు." ఇప్పటికీ అదే చేస్తున్నాను. సోమవారం నుంచి ఆ కుర్చీ ఖాళీగా ఉంటుందంటే గుండె బరువెక్కుతోంది.

బుధవారం నర్సింగ్ వాళ్ల పిన్నింగ్ వేడుక జరిగింది. డిగ్రీ పట్టా ఇచ్చే స్నాతకోత్సవం వేరు, ఇది వేరు. కోర్సు పూర్తి చేసినవాళ్లకు తమకిష్టమైన మనిషి చేత పిన్ను పెట్టిస్తారు. రాత్రంతా గోదాములో పనిచేసి, పొద్దున్నే నిద్రకళ్లతో నా దగ్గర మందుల డోసు లెక్కలు నేర్చుకున్న ఒకామెకు తొమ్మిదేళ్ల కూతురు పిన్ను పెట్టింది. చిన్నచేతులు వణికాయి. నేను ఏడ్చేశాను. ఇక ఆమెకు ఎన్‌క్లెక్స్ అనే నర్సింగ్ పరీక్ష మిగిలింది. అది పాసైతేనే లైసెన్సు. ఆ టెన్షన్ నాకూ ఉంది.

అమెరికాలో మాలాంటి రెండేళ్ల ప్రభుత్వ కాలేజీ మొదటిది 1901లో ఇల్లినాయ్‌లోని జోలియెట్‌లో మొదలైంది. ఉన్నత విద్యపై అధ్యక్షుడు ట్రూమన్ వేసిన కమిషన్ 1947లో ఇచ్చిన నివేదికతో 'కమ్యూనిటీ కాలేజీ' అన్న పేరు బాగా వాడుకలోకి వచ్చింది. ఆ పేరు నాకెంతో ఇష్టం.

వచ్చే మంగళవారం ట్రాన్స్‌ఫర్ ఫెయిర్. రెండేళ్లు ఇక్కడ చదివి యూనివర్సిటీకి మారాలనుకునేవాళ్లు తప్పకుండా రండి. ఏ క్రెడిట్లు చెల్లుతాయో ముందే అడిగి, రాసుకోండి.