నీళ్లు కొలిచాకే మందు

హాలియా దగ్గర సాగర్ ఎడమ కాలువ కింద మాకు ఎకరం చేపల చెరువు ఉంది. బొచ్చె, రవ్వ పెంచుతాం. మిర్యాలగూడ మిల్లుల తవుడు, వేరుశనగ చెక్క మేత. మొన్న మార్చిలో రవ్వలు మేత ముట్టడం మానేశాయి. గట్టు రాళ్లకు ఒళ్లు రాసుకుంటూ ఉన్నట్టుండి ఎగిరిపడేవి.

వల వేసి ఒకదాన్ని పట్టాను. రెక్కల మొదట్లో ఎర్రని మచ్చలు. ఒకచోట పొలుసు కదిలినట్టనిపించి గోటితో గీరితే, కందిపప్పు బద్దంత పురుగు వేలికి అతుక్కుంది. బల్లపరుపుగా, లోపలిది కనిపించేంత పలచగా ఉంది. తల మీద రెండు నల్లని చుక్కల్లాంటి కళ్లు. చేప పేను, ఆర్గులస్.

మందుల దుకాణంలో ‘ఎకరానికి ఒక సీసా’ అని డెల్టామెత్రిన్ అనే పురుగుమందు ఇచ్చారు. ఆ సాయంత్రమే పోశాను. తెల్లవారేసరికి బొచ్చెలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. నలభైకి పైగా చచ్చాయి. వాటిని గంపకెత్తుతుంటే నాన్న ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

మత్స్యశాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను.

“నీళ్లెన్ని ఉన్నాయయ్యా?”

“ఎకరం సార్.”

“ఎకరం నేల. నేనడిగింది నీళ్లు.”

వెదురు గడతో పదిచోట్ల లోతు కొలిచాను. ఎండలకు ఇంకి సగటున మూడడుగులే, అంటే 0.9 మీటరు. ఎకరం 4,047 చదరపు మీటర్లు కనుక నీరు సుమారు 3,640 ఘనపు మీటర్లు. సీసా మోతాదు ఆరడుగుల నీటికి. నేను పోసింది రెట్టింపు! పైగా తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు బాగా తగ్గుతుంది కనుక పొద్దెక్కాక పోయాల్సిన మందు అది. బొచ్చె తినే సన్నని నీటి జీవాలనూ అది చంపేస్తుందట.

మందుకు పేను గుడ్లు చావవని ఆయనే చెప్పారు. చెరువులో ఇరవై వెదురు కర్రలు పాతించారు. వారం తర్వాత పీకితే నీటిలో మునిగినంత మేరా గసగసాల్లాంటి గుడ్లు, వరుసలు వరుసలుగా, జిగురుతో అంటుకుని ఉన్నాయి. ఆ కర్రలను ఎండలో ఆరబెట్టి మళ్లీ పాతాం. మిగిలిన గుడ్లు పొదిగి పిల్లలు తేలే సమయానికి, లోతు మళ్లీ కొలిచి, ఉదయం పూట, బోరు మోటారు సిద్ధంగా పెట్టుకుని రెండో విడత మందు చల్లాం. ఒక్క చేపా చావలేదు.

మందు ప్రభావం పోయేదాకా అమ్మవద్దన్నారు. కొనడానికి వచ్చిన వ్యాపారిని వెనక్కి పంపాం. మే నెలలో వల లాగి యాభై చేపలు చూస్తే మూడింటికే పేను ఉంది. వెదురు కర్రలు ఇంకా చెరువులోనే ఉన్నాయి.