మిల్లర్ తోట నిఘంటువుతో మూడు నెలలు: బిళ్ళగన్నేరు, టమాటా, పన్నెండు బెండమొగ్గలు

ఏప్రిల్‌లో మొదలుపెట్టాను. రోజూ రాత్రి భోజనాలయ్యాక అరగంట ఫిలిప్ మిల్లర్ ‘గార్డెనర్స్ డిక్షనరీ’, పొద్దున గంట మిద్దె తోట. ఈ పుస్తకం 1731లో లండన్‌లో అచ్చయింది. మిల్లర్ బతికుండగానే ఎనిమిది ముద్రణలు వచ్చాయి. నేను చదువుతున్నది 1768 నాటి ఎనిమిదోది. దాని స్కాన్ ప్రతి ఉచితంగా దొరుకుతుంది.

చదవాలనుకునేవాళ్ళకు ముందే రెండు మాటలు. ఇందులో పేజీ నంబర్లు వెతక్కండి. మొక్క పేరు పట్టుకుని అక్షరక్రమంలో వెళ్ళడం, దాని కింద ఎన్నో రకమో చూసుకోవడం, అంతే. ఇక పాత అచ్చులో ‘ఎస్’ అక్షరం పదం మొదట్లోనూ మధ్యలోనూ ‘ఎఫ్’లా కనబడుతుంది. ‘సీడ్’ అన్న ప్రతిచోటా నేను ‘ఫీడ్’ అని చదివి, విత్తనాల సంగతి మేత అనుకుని వారం రోజులు తికమకపడ్డాను. ఇప్పుడు కన్ను అలవాటు పడింది.

మిల్లర్ 1722 నుంచి 1770 దాకా లండన్ చెల్సీలో మందుమొక్కల తోటకు పెద్ద తోటమాలి. ఔషధాల వర్తకుల సంఘం 1673లో వేసిన తోట అది. స్థలం యజమాని, వైద్యుడు హాన్స్ స్లోన్ దాన్ని ఏడాదికి 5 పౌండ్ల అద్దెకు సంఘానికి శాశ్వతంగా ఇచ్చేశాడు. ఒకటే షరతు: తోటలో పెరిగిన 50 మొక్కల నమూనాలను ఏటా లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి పంపాలి, రెండువేలు పూర్తయ్యేదాకా. ఈ షరతే పుస్తకానికి ప్రాణం పోసిందని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఏటా కొత్త మొక్క కావాలంటే ఎక్కడెక్కడి నుంచో విత్తనాలు తెప్పించాలి, మొలిపించాలి, బతికించాలి. కూరగాయలు, పండ్లు, పూలు, మందుమొక్కలు, అద్దాల ఇల్లు, ద్రాక్షతోట అన్నీ ఒక్కచోట చేర్చి ఆయన రాయగలిగింది అందుకే.

మే రెండో వారం టమాటా దగ్గర ఆగాను. టమాటా నారు కొనేటప్పుడు పాత విత్తనాల పొట్లాల మీద ‘లైకోపెర్సికాన్ ఎస్కులెంటమ్’ అని ఉండేది, గుర్తుందా? ఆ పేరు పెట్టింది మిల్లరే, ఈ 1768 ముద్రణలోనే. ‘ఎస్కులెంటమ్’ అంటే తినదగినది. మొక్కలకు శాస్త్రీయ నామాల పద్ధతి తెచ్చిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లోనే టమాటాను వంకాయ కుటుంబంలో ‘సొలానమ్’ కింద పెట్టాడు. మిల్లర్ వేరు చేశాడు. జన్యువులు చూశాక శాస్త్రవేత్తలు మళ్ళీ సొలానమ్‌లోకే తెచ్చారు. లిన్నేయస్ 1736లో చెల్సీకి స్వయంగా వచ్చి చూసి వెళ్ళినా, ఆయన రెండు మాటల పేర్ల పద్ధతిని మిల్లర్ పూర్తిగా ఒప్పుకోవడానికి ఈ ఎనిమిదో ముద్రణ దాకా పట్టింది. తోటమాలికి పేరు మారడమంటే మాటలు కాదు. అలవాటైన వాళ్ళందరికీ మళ్ళీ చెప్పుకురావాలి.

మే చివర్లో ‘వింకా’ చూశాను. మన బిళ్ళగన్నేరు! మడగాస్కర్ నుంచి పారిస్ రాజోద్యానానికి విత్తనాలు వచ్చాయి, అక్కడి నుంచి మిల్లర్‌కు అందాయి. ఆయన చెల్సీలో పెంచి, బొమ్మ వేయించి 1757లో అచ్చువేశాడు. 1759లో లిన్నేయస్ ‘వింకా రోజియా’ అని పేరు పెట్టింది ఆ బొమ్మ ఆధారంగానే. ఇంగ్లండ్ చలికి దాన్ని వెచ్చటి అద్దాల ఇంట్లో సాకాల్సి వచ్చింది. మా పిట్టగోడ పగుల్లో అదే మొక్క మట్టి లేకుండా, ఎవరూ నీళ్ళు పోయకుండా నిరుడు వేసవంతా పూసింది. ఆ పగులుకు సిమెంటు పూయిద్దామనుకున్నాను. మానేశాను.

జూన్ అంతా బెండమొగ్గలతోనే సరిపోయింది. దానికి కారణం 1721లో మిల్లర్ ఒక ఉత్తరంలో రాసిన సంగతి: పన్నెండు తులిప్ మొక్కలను మిగతా వాటికి ఆరేడు గజాల దూరంలో నాటి, పూలు విచ్చగానే పుప్పొడి ఉండే కేసరాలన్నీ తీసేశాడు. రెండు రోజుల తర్వాత వేరే మడిలోని తులిప్‌ల నుంచి తేనెటీగలు ఒళ్ళంతా పుప్పొడితో వచ్చి వీటి మీద వాలడం చూశాడు. ఆ పూలు గింజ కట్టాయి. పుప్పొడిని పురుగులు మోస్తాయని అప్పటికి ఎవరికీ పెద్దగా తెలియదు.

తులిప్ నా దగ్గరెక్కడిది? బెండ తీసుకున్నాను. ఎనిమిది కుండీలు, పది రోజుల్లో పన్నెండు మొగ్గలు. మర్నాడు విచ్చే మొగ్గ లేత పసుపు తేలి ఉబ్బుగా ఉంటుంది. సాయంత్రం ఐదింటికి దాన్ని ఒక పక్క నిలువునా చీల్చి, నడిమి కాడ చుట్టూ ఉన్న పుప్పొడి తిత్తులను చిన్న పట్టకారుతో గీకేయాలి. కొసన ముదురు ఎరుపులో ఉండే కీలాగ్రాన్ని, అంటే పుప్పొడి అందుకునే భాగాన్ని, మాత్రం తాకకూడదు. తేనెటీగలు వాలకుండా రెండు మొగ్గలకు పల్చటి గుడ్డసంచి కట్టాను, పది వదిలేశాను.

సంచి కట్టినవి రెండూ రాలిపోయాయి. వదిలేసిన పదింటిలో నాలుగు రాలాయి. అందులో మూడింటికి నా పట్టకారు గుచ్చుకుంది, మచ్చ కనబడింది. ఆరు పిందె కట్టాయి. పొద్దున ఏడున్నరకు ఒక తేనెటీగ, వెనక కాళ్ళ మీద పసుపు ముద్దలతో, పక్క కుండీలోని పువ్వులోంచి లేచి నేను గీకిన పువ్వు మీద వాలింది. మోకాళ్ళ మీద కూర్చుని, అది వెళ్ళేదాకా కదల్లేదు.

ఆరింటిలో ఒక కాయకు ఎర్రదారం కట్టి కోయకుండా ముదరనిస్తున్నాను. ఎండాక గింజలు లెక్కపెట్టి, మామూలు కాయ గింజలతో పోల్చి రాస్తాను. ఈలోగా చదవాల్సింది అనాస, దానికోసం ఆయన తోళ్ళు పదును చేయడానికి వాడే చెట్టుబెరడుతో వేసిన వేడిమడుల సంగతి.