మావయ్య మడి, ఫోర్డ్‌సన్ హాఫ్‌ట్రాక్

పోయిన కార్తీకంలో పర్లాకిమిడి అవతల, మా మావయ్య వాళ్ల ఊళ్లో, గెడ్డ పక్క మడిలో ట్రాక్టరు దిగబడిపోయింది. 45 హెచ్‌పి బండి. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ వెనక టైర్లు అక్కడే గిర్రున తిరిగి, ఇరుసు నేలకి ఆనేదాకా గొయ్యి తవ్వేశాయి. దుంగలు వేశాం, ఇంకో ట్రాక్టరు తెచ్చి గొలుసు కట్టి లాగాం, అది కూడా కూరుకుపోతే ఎలాగని మళ్లీ టెన్షన్. ఇంతలో పక్క మడిలో చైన్ మిషన్ ఒకటి, అంటే చక్రాలకి బదులు నేల మీద పరుచుకునే వెడల్పాటి చైన్ల మీద నడిచే కోత బండి, మా బండి కంటే బరువైనదే, వరి కోసుకుంటూ హాయిగా పోతోంది. "ఏటిరా ఇది, దాని కింద తెప్పేటైనా కట్టారేటి?" అన్నాడు మావయ్య.

కట్టింది తెప్పే మరి. ఆ రాత్రి నుంచే నాకు పాత హాఫ్‌ట్రాక్ ట్రాక్టర్ల పిచ్చి పట్టుకుంది. ముందు మామూలు చక్రాలు, వెనక మాత్రం చైను.

వాటిలో నా మనసు దోచింది ఫోర్డ్ కంపెనీ వాళ్ల ఫోర్డ్‌సన్ ఈ27ఎన్. ఇంగ్లండ్‌లోని డాగెన్‌హామ్‌లో 1945 నుంచి 1952 దాకా తయారైంది. 4 సిలిండర్లు, బోర్ (సిలిండరు లోపలి వెడల్పు) 4⅛ అంగుళాలు, స్ట్రోక్ (అందులో పిస్టన్ కదిలే దూరం) 5 అంగుళాలు, అంటే దాదాపు 4.4 లీటర్ల ఇంజను. ఇంత బండ ఇంజనూ ఇచ్చేది 27 హెచ్‌పికి అటూఇటూ! ముందుకి 3 గేర్లు, వెనక్కి ఒకటి. పెట్రోలుతో స్టార్ట్ చేసి, ఇంజను వేడెక్కాక కిరసనాయిలు రకం నూనెకి మార్చేవాళ్లు. 1948 నుంచి పెర్కిన్స్ పి6 డీజిల్ ఇంజనుతో కూడా వచ్చింది. ముందున్న హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉంచుకోవాలి, లేకపోతే ఇంజను వెనక్కి తన్నినప్పుడు వేలు విరిగిపోతుంది.

దీనికి చైన్లు తగిలించింది ఫోర్డ్ కాదు, అప్పట్లో లండన్ దగ్గర హౌన్స్‌లోలో ఉండే రోడ్‌లెస్ ట్రాక్షన్ అనే కంపెనీ. దాన్ని పెట్టిన ఫిలిప్ జాన్సన్ అంతకుముందు యుద్ధ ట్యాంకుల పని చేసినవాడు. వాళ్ల డీజీ రకం చైను నాకు భలే నచ్చింది. చైను పలకలు లోపలి వైపుకే వంగుతాయి, బరువు పడితే నేల మీద పరుచుకున్న భాగం దూలంలా బిగుసుకుంటుంది. అందుకే బరువు ఒక్కచోట గుచ్చుకోకుండా పొడుగునా పంచుకుంటుంది.

మావయ్యకి లెక్క ఇలా చెప్పాను. బండి వెనక భాగం మీద 1500 కిలోలు పడుతోందనుకో. రెండు టైర్లూ కలిపి నేలకి ఆనేది 2500 చదరపు సెంటీమీటర్లయితే ఒక్కో చదరపు సెంటీమీటరు మీద 600 గ్రాములు. అదే బరువు చైన్ల మీద 10,000 చదరపు సెంటీమీటర్లకి పరుచుకుంటే 150 గ్రాములే. చైను బరువు కొంత కలిసినా సరే, బురద ఓర్చుకుంటుంది. మనమేమో షోరూంకి వెళ్లగానే "ఎన్ని హెచ్‌పి?" అంటాం, నేలకి ఎంత ఆనుతుందో ఒక్కడూ అడగడు. ఎక్కువ హెచ్‌పి ఉంటే గొయ్యి ఇంకాస్త తొందరగా తవ్వుతుంది, అంతే!

అలాగని హాఫ్‌ట్రాక్ అన్ని విధాలా మంచిదనను. చైన్లు వెనకనుంచి తిన్నగా తోస్తుంటే బురదలో ముందు చక్రాలు తిరిగినా బండి తిరగదు, జారిపోతూ ముందుకే పోతుంది, అప్పుడు ఒక వైపు బ్రేకు తొక్కి తిప్పుకోవాలి. మన మడులు చూస్తే గట్టుకీ గట్టుకీ మధ్య పదడుగులు వేస్తే అయిపోతాయి. పైగా ఇసకా బురదా కలిసి చైను పలకల్ని కలిపే పిన్నుల్ని ఆకురాయిలా అరగదీస్తాయి.

అంతా విని మావయ్య ఒకటే అడిగాడు, "ఇనప పలకలతో తారు రోడ్డు మీద ఎలా తెస్తావురా?" నా దగ్గర జవాబు లేదు. దమ్ముకి ఆయన కొత్త కేజ్ వీల్స్, అంటే బురదలో తిరిగే ఇనప చట్రాల చక్రాలు, చేయించాడు, ట్రాలీలో వేసుకెళ్లి మడి దగ్గరే తగిలిస్తాడట. గెడ్డ పక్క మడి కోతకి మాత్రం, గంటకి డబ్బు ఎక్కువైనా, చైన్ మిషన్‌కే ముందుగా చెప్పి ఉంచాడు.