నల్లరెక్కల తూనీగ

నార్త్ కరోలినాలో నాకు దొరికిన ఉద్యోగం వాగుల్లో దిగి, అడుగున బతికే పురుగులను వలతో పట్టి, లెక్కపెట్టి, ఆ లెక్కను బట్టి నీటి స్థితి మీద నివేదిక రాయడం. ఫోనులో ఈ సంగతి విని, "అంత చదివి, అంత దూరం వెళ్లి పురుగులు ఏరుతున్నావా నాయనా?" అని అమ్మ అడిగింది. కాదనడానికి ఏమీ లేకపోయింది.

ఈనో నదిలో కలిసే ఒక చిన్న వాగు గట్టున, జూన్ మధ్యాహ్నం పులిహోర డబ్బా విప్పుకుని కూర్చున్నప్పుడు, ఎబొనీ జ్యుయల్‌వింగ్ అనే నల్లరెక్కల తూనీగను మొదటిసారి నింపాదిగా చూశాను. మనం తూనీగ అన్న ఒక్క మాటతో సరిపెట్టే రెండు రకాల్లో ఇది సన్ననిది. వాలినప్పుడు రెక్కలను వీపు మీద జోడిస్తుంది. మగదాని ఒళ్లు వెలుతురును బట్టి ఆకుపచ్చగానో నీలంగానో మెరుస్తుంది, నాలుగు రెక్కలూ నల్లన. ఆడదాని రెక్కలు పొగచూరినట్టుండి, కొసన తెల్లని చుక్క ఉంటుంది. ఆడది నీట మునిగిన మెత్తని కాడల్లో గుడ్లు చొప్పిస్తున్నంతసేపూ జతకట్టిన మగది పక్కనే కాపలా ఉండటం చూసి ముచ్చటపడ్డాను. అయితే మగది జతకట్టేటప్పుడు ముందుగా ఆడదాని లోపల పాత మగది వదిలిన వీర్యాన్ని తోడివేస్తుందని జొనథన్ వాగే అనే శాస్త్రవేత్త 1979లో ఈ జాతి మీదనే నిరూపించారు. కాపలా తప్పితే తన వీర్యానికీ అదే గతి పడుతుంది.

నా లెక్కలోకి వచ్చేది మాత్రం రెక్కలు రాని పిల్ల. గట్టు కోసుకుపోయిన చోట నీటిలోకి వేలాడే చెట్టువేళ్ల గుబురులో వల గుచ్చి కుదిపితే, పొడవాటి కాళ్లతో, తోక చివర ఆకుల్లాంటి మూడు మొప్పలతో బయటపడుతుంది. స్పర్శశృంగంలో, అంటే తలమీది మీసంలో, మొదటి ఖండమే మిగతావన్నీ కలిపినంత పొడవుండటం మైక్రోస్కోపు కింద దీని కుటుంబానికి గుర్తు. చలికాలమంతా నీటిలోనే గడిపే ఈ పిల్లకు రెక్కలొచ్చాక మిగిలేది కొద్ది వారాల బతుకే.

చెట్ల నీడలో పారే వాగులే దీనికి ఇష్టం. అదే వాగులో కాస్త దిగువన, నీటి అంచు దాకా గడ్డి కత్తిరించిన పెరటి దగ్గర, నా వలలో ఒక్కటీ పడలేదు. ఈ వాగు కూడా భాగమైన నూస్ నదీ పరీవాహక ప్రాంతంలో గట్టు వెంట 50 అడుగుల మేర చెట్టూచేమా కాపాడాలన్న నిబంధన 1997లో వచ్చింది, కానీ అంతకుముందే ఉన్న పెరళ్లకు అది వర్తించదు. నత్రజని నదిలో చేరకుండా చేసిన ఆ నిబంధన రాసినవారికి తూనీగ గుర్తొచ్చి ఉండదు.

మా ఫారంలో నీడ శాతానికి ఒక గడి ఉంది. మొదట్లో దాన్ని కారులో కూర్చుని అంచనాగా నింపేవాణ్ణి. ఇప్పుడు నీటి మధ్యలో నిలబడి, తలెత్తి కొమ్మలు చూసి రాస్తున్నాను.