దయ్యాన్ని ఒక ఇంటిదాన్ని చేసేదాకా: నా అనుభవం

ప్రేమకథ చదివేవాళ్ళకి ఒక హక్కుంది. చివరి పేజీకి వచ్చేసరికి ఆ ఇద్దరూ కలవాలి. మధ్యలో ఎన్ని కష్టాలైనా పెట్టొచ్చు, కలపకపోతే మాత్రం పాఠకుల్ని మోసం చేసినట్టే. మరి కథ మొదలయ్యేనాటికే హీరోయిన్ పోయి ముప్పై ఏళ్ళు దాటితే? నా మొదటి నవలకి కూర్చున్నప్పుడు నాకెదురైన చిక్కు ఇదే. అందులో దయ్యం ఉండాలి, నవ్వుండాలి, ప్రేమ ఉండాలి, చివర్లో శుభం పడాలి. అది ఎలా కుదిరిందో, తర్వాత అచ్చులోకి ఎలా వచ్చిందో రాస్తున్నాను. ఇలాంటివి రాయాలని మనసులో ఉండి మొదలుపెట్టనివాళ్ళు నాకు చాలామంది తెలుసు. వాళ్ళకి పనికొస్తుందని.

ఇంగ్లీషులో ఈ రకం నవలల్లో రక్తపిశాచాలు, తోడేలు మనుషులు కనిపిస్తారు. వాళ్ళని తెచ్చి రాజమండ్రిలో దింపాల్సిన అవసరం నాకు కనబడలేదు. మనకి మాట్లాడే దయ్యాలు కొత్త కాదు. 1947లో మొదలైన చందమామ చదివి పెరిగినవాళ్ళందరికీ బేతాళుడు తెలుసు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుందని బెదిరించినా ఎవరూ భయపడలేదు, మళ్ళీ నెల సంచిక కోసం ఎదురుచూశారు. శవంలో ఉన్నవాడు కథలు చెప్తాడంటే ఎలా అని తెలుగు పాఠకుడు అడగడు. ఇది రచయితకి కలిసొచ్చే సంగతి.

నా హీరోయిన్‌కి అసలు విత్తనం మాత్రం వేరేచోట దొరికింది. తొంభైల్లో ఊళ్ళల్లో ఇంటింటి తలుపు మీదా 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవారు. రాత్రిపూట ఒక ఆడదయ్యం తలుపు కొడుతుందని పుకారు. చిన్నపిల్లలం మేమైతే చీకటి పడితే గడప దాటేవాళ్ళం కాదు. పెద్దయ్యాక ఆలోచిస్తే నాకు ఆ దయ్యం మీద జాలేసింది. ఆమె రోజూ వస్తుంది, తలుపు మీద రాసింది చదువుతుంది, రేపు రమ్మన్నారు కదా అని వెళ్ళిపోతుంది. మర్నాడు మళ్ళీ వస్తుంది. చదువుకున్న మనిషి, మాట వినే మనిషి, ఒక్క ఇంట్లోకీ బలవంతంగా చొరబడని మనిషి. ఇంత మర్యాదస్తురాలిని ఊరంతా కలిసి వాకిట్లో నిలబెట్టేసిందే అనిపించింది. ఆ వాకిట్లో నిలబడ్డావిడే నా రాజ్యలక్ష్మి అయింది.

రాజ్యలక్ష్మి 1986లో పోయింది. ఆ ఏడాది ఆగస్టులో గోదావరికి వచ్చిన వరదని మా వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ మర్చిపోలేదు. పెళ్ళిళ్ళూ పుట్టుకలూ కూడా 'వరదొచ్చిన ఏడాది' అనే చెప్తారు. అందుకే ఆ సంవత్సరం తీసుకున్నాను. డిగ్రీ పరీక్షలు రాసింది, ఫలితాలు వచ్చేలోపే జ్వరంతో పోయింది. పాసయ్యానో లేదో తెలుసుకోకుండా వెళ్ళనని ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ప్రతీకారం లేదు, పగ లేదు. దయ్యానికి ఉండే కోరిక మనం కూడా 'అయ్యో పాపం' అనుకునేంత చిన్నదై ఉండాలని నా నమ్మకం. పగతో వచ్చిన దయ్యం చుట్టూ కమెడియన్లని పరిగెత్తించి నవ్వించొచ్చు. కానీ ఆ దయ్యాన్ని ఎవరూ ప్రేమించలేరు.

ఆ ఇంట్లో అద్దెకి దిగినవాడు సుబ్బు, కరెంటు ఆఫీసులో లైన్‌మన్. వాడికి ఆ ఉద్యోగమే ఎందుకంటే, దీపాలు ఆరి వెలుగుతుంటే అందరికీ దయ్యం గుర్తొస్తుంది, లైన్‌మన్‌కి లూజ్ కాంటాక్ట్ గుర్తొస్తుంది. రాజ్యలక్ష్మి రాత్రంతా కష్టపడి లైట్లు ఆర్పుతూ వెలిగిస్తుంటే వాడు స్టూలెక్కి టెస్టర్ పెట్టి చూస్తాడు, హోల్డర్ మార్చి పడుకుంటాడు. ఆమెకి అవమానం. ఇన్నేళ్ళలో ఎవరూ తనని ఇలా తీసిపారేయలేదు. భయపడనివాడంటే ఆమెకి కోపం, ఆ తర్వాత కుతూహలం. అక్కడ కథ దానంతటదే నడవడం మొదలైంది.

ఈ భాగాలు రాయడానికి మా వీధిలో ఒక రిటైరైన లైన్‌మన్ గారి దగ్గర చాలా సాయంత్రాలు కూర్చున్నాను. సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, తీసుకోకుండా స్తంభం మీద చెయ్యి వెయ్యకూడదట. సరఫరా ఆపామని అవతలివాళ్ళు చెప్పాలి, అప్పుడే ఎక్కాలి. ఆయన మామూలుగా చెప్పిన ఆ మాట నా నవలలో ప్రేమ ప్రస్తావన సన్నివేశమైంది. ప్రాణాలకి తెగించి స్తంభాలెక్కేవాడు రాజ్యలక్ష్మి ఎదుట చేతులు కట్టుకుని "ఎల్‌సీ ఇస్తారాండీ?" అని అడుగుతాడు. తెలియని పనిలో ఉన్న మనుషుల గురించి రాసేటప్పుడు ఊహించి రాసిన హాస్యం తేలిపోతుంది. వాళ్ళు రోజూ చేసే పనిలోంచి వచ్చిందే నిలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నవల మొదలుపెట్టకముందే ఒక కాగితం మీద రాజ్యలక్ష్మి ఏం చెయ్యగలదు, ఏం చెయ్యలేదు అని రాసి గోడకి అంటించాను. దయ్యం కదా అని గోడలు దాటించి, గాల్లో ఎగిరించి, అవసరం వచ్చినప్పుడల్లా కొత్త శక్తి ఇస్తూ పోతే నవ్వు రాదు, ఏడుపూ రాదు. నియమాలు కొన్నే ఉండాలి, వాటిని ఎక్కడా సడలించకూడదు. నా కాగితం మీద అన్నిటికంటే ముఖ్యమైన నియమం: రాజ్యలక్ష్మి ముగ్గు దాటలేదు.

ఆమె తెల్లవారుజామున గోదావరి గట్టు దాకా వెళ్ళొస్తుంది, బతికున్నప్పటి అలవాటు. ఈలోగా పక్కింటి సత్యవతి పిన్ని రెండిళ్ళ వాకిళ్ళూ ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టేస్తుంది. బ్రహ్మచారి ఇంటి ముందు వాకిలి బోసిగా ఉండకూడదని ఆవిడ పట్టుదల. దాంతో రాజ్యలక్ష్మి రోజూ తన ఇంటి అరుగు మీదే కూలబడుతుంది. పాలవాడి సైకిలు చక్రం పడి ముగ్గు చెదిరేదాకా లోపలికి రాలేదు. పాలవాడు రాని రోజు మధ్యాహ్నం దాకా అక్కడే. ఇక ధనుర్మాసం వచ్చేసరికి పిన్ని ముగ్గు వాకిలి దాటి రోడ్డెక్కుతుంది, మధ్యలో గొబ్బెమ్మలు. దయ్యానికి అరుగు కూడా దక్కదు. వీధి చివర కరెంటు స్తంభం కింద నెలరోజులు.

ఇక్కడిదాకా నవ్వే. అదే ధనుర్మాసంలో ఒక రోజు తెల్లారుతుండగా మంచులో సుబ్బు బయటికొస్తాడు. ముగ్గు తొక్కకూడదని చిన్నప్పట్నుంచీ వాళ్ళమ్మ చెప్పిన మాట వాడి కాళ్ళని ఆపుతుంది. గడప దగ్గర గొంతుక్కూర్చుని, చూపుడువేలితో ఒక్క గీత మాత్రం జానెడు మేర చెరిపి, పక్కకి జరుగుతాడు. అప్పటిదాకా 'మీరు', 'అండీ' అనుకుంటున్న మనుషులు. తల ఎత్తకుండా "రా" అంటాడు. ఆ ఒక్క ముక్క కోసమే అన్ని పేజీలు 'అండీ' నడిపించాను. మొదట నవ్వించిన నియమమే తర్వాత గుండె పట్టేయాలి. దయ్యం ప్రేమకథల్లో నేను పట్టుకున్న కీలకం ఇదొక్కటే. ఇంకెన్ని పుస్తకాలు రాసినా దీన్నే పట్టుకుని రాస్తాను.

మరి ముగింపు? కోరిక తీరగానే ముక్తి పొంది వెళ్ళిపోవడం మనవాళ్ళకి అలవాటైన దారి. అప్పుడు సుబ్బు ఒంటరివాడవుతాడు, అది ప్రేమకథ కాదు. పునర్జన్మ పెడితే ఆమె మళ్ళీ పుట్టి పెరిగేసరికి వాడికి తల నెరుస్తుంది. వాణ్ణి చంపి ఇద్దర్నీ దయ్యాలు చేయడం నాకు అసహ్యం. బతుకు మీద ప్రేమ పుట్టించని నవ్వు నాకొద్దు. జవాబు చివరికి పిన్ని దగ్గర దొరికింది. రోజూ తన ముగ్గులో ఒకచోటే గీత చెరిగి ఉండటం ఆవిడ చూస్తూనే ఉంటుంది, నోరు మెదపదు. ఒకరోజు తనే ఆ గీత కలపకుండా వదిలేసి, ఖాళీ అరుగు వైపు చూస్తూ, "నీకు ఫస్టు క్లాసొచ్చిందే. నాకే ఇంగ్లీషు పోయింది" అంటుంది. వాళ్ళిద్దరూ ఒకే బెంచీలో కూర్చుని పరీక్ష రాసినవాళ్ళు. కోరిక తీరింది కాబట్టి రాజ్యలక్ష్మి వెళ్ళిపోవచ్చు. కానీ ముగ్గులో తన కోసం దారి వదిలిన ఇల్లు దొరికాక ఎందుకు వెళ్ళాలి? ఉండిపోతుంది. అంతే, శుభం.

రాయడం తెల్లవారుజామునే సాగేది, ఆఫీసుకి వెళ్ళేలోపు. పూర్తయిన భాగాన్ని సాయంత్రం మా అత్తయ్యగారికి చదివి వినిపించేదాన్ని. ఆవిడ కత్తిపీట ముందు వంకాయలో, బెండకాయలో తరుగుతూ వింటారు. బాగుందా అని నేనెప్పుడూ అడగలేదు. ఇంట్లోవాళ్ళు బాగుందనే అంటారు. నేను కత్తిపీట చప్పుడు విన్నాను. చప్పుడు ఆగిందంటే ఆ వాక్యం తగిలింది. నవ్వుతుందని నేననుకున్నచోట ముక్కలు టకటకా పడుతూనే ఉంటే ఆ చోటు పెన్సిలుతో గుర్తు పెట్టుకునేదాన్ని. అలా గుర్తుపెట్టుకున్నవాటిలో చాలాభాగం జోకు చెప్పి మళ్ళీ దాన్ని వివరించినవే. వివరణ తీసేస్తే చాలు, మర్నాడు కత్తిపీట ఆగేది. హాస్యం రాసేవాళ్ళకి ఇలా వినేవాళ్ళు ఒకరు దొరకడం అదృష్టం. అది నాకు దొరికింది.

మొదట ఆన్‌లైన్‌లో సీరియల్‌గా వచ్చింది. ఆదరణ బాగుందని ఒక ప్రచురణకర్తకి చూపిస్తే, "ఇది హాస్యమా, హారరా, ప్రేమా? ఏ అరలో పెట్టి అమ్మాలి?" అన్నారు. ఆయన ప్రశ్న వ్యాపారంలో న్యాయమైనదే. అందుకే నేనే అచ్చు వేయించుకున్నాను. ఐఎస్‌బీఎన్ కోసం, అంటే పుస్తకానికి ఉండే గుర్తింపు నంబరు కోసం, ఎవరికీ డబ్బులివ్వక్కర్లేదని కొత్తవాళ్ళు తెలుసుకోవాలి. రాజా రామ్మోహన్ రాయ్ పేరున్న జాతీయ సంస్థ వెబ్‌సైట్‌లో రచయిత సొంతంగా నమోదు చేసుకుంటే ఆ 13 అంకెల నంబరు ఉచితంగానే ఇస్తారు.

టెన్షన్ అంతా డీటీపీ దగ్గర, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని దగ్గర. నేను ఫోన్లలో, వెబ్‌సైట్లలో కనిపించే యూనికోడ్‌లో టైపు చేసినదాన్ని, అచ్చు కోసం డీటీపీవాళ్ళు వాడే అను ఫాంట్లలోకి మార్చారు. మారిస్తే ఒత్తులు చెదురుతాయి. నా హీరోయిన్ పేరే చూడండి: జకి యవత్తు, తర్వాత క్ష, దాని కింద మవత్తు. మొదటి ప్రూఫులో ఆ పేరు పేజీకోరకంగా విరిగి కనబడింది. 'లైన్‌మన్' లాంటి మాటల్లో పొల్లు పోయి కింద ఒత్తు వచ్చి పడింది. ఒక్కొక్క పేజీకీ స్కేలు అడ్డం పెట్టుకుని, లైను తర్వాత లైను చూశాను. హాస్యంలో ఒక అక్షరం తప్పుపడితే పాఠకుడు అక్కడ ఆగుతాడు, ఆగితే నవ్వు పోతుంది. ఇంకొక సంగతి ఎవరూ చెప్పరు: పేజీ ఎక్కడ తిరుగుతుందో చూసుకోవాలి. సుబ్బు "రా" అనే మాట కుడిచేతి పేజీ అడుగున పడకుండా, పేజీ తిప్పగానే పైన కనిపించేలా పెట్టించాను. డీటీపీ చేసే అబ్బాయి ఓపిగ్గా దాని కోసం ముందు పేరాలన్నీ సర్దాడు.

పుస్తకం ఫారాల లెక్కన అచ్చవుతుంది, ఫారం అంటే ఒకే పెద్ద కాగితం మీద పడే 16 పేజీలు. నాది 180 పేజీలకి వచ్చింది. నాలుగు పేజీలు తగ్గిస్తే 176, సరిగ్గా 11 ఫారాలు. తగ్గించాను, నవలకి మేలే జరిగింది. డెమ్మీ సైజు, మ్యాప్‌లితో అనే రకం కాగితం, విజయవాడలో అచ్చు. ముఖచిత్రం మీద జుట్టు విరబోసుకున్న ఆడమనిషిని వేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. ముగ్గు వేయించాను.

1954 నాటి చట్టం ప్రకారం ప్రచురించిన 30 రోజుల్లోగా కలకత్తా నేషనల్ లైబ్రరీకీ, చెన్నై కన్నెమరాకీ, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకీ ఒక్కో ప్రతి పంపాలి. పంపాను. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో ఒక స్టాలు వాళ్ళు దాన్ని హాస్యం అరలో పెట్టారు. మర్నాటికి ఎవరో తీసి నవలల్లో పెట్టారు. రెండుచోట్లా అమ్ముడుపోయింది.

ఇప్పుడు రెండో నవల నడుస్తోంది. మూతపడ్డ సినిమా హాలు, అందులో చనిపోయిన ప్రొజెక్టర్ ఆపరేటర్, హాలుని ఫంక్షన్ హాలుగా మార్చాలని వచ్చిన ఓనరు కూతురు. గోడ మీద కొత్త కాగితం ఎక్కింది. ఆయన ప్రొజెక్టర్ వెలుగు పడినంతసేపే కనిపిస్తాడు, అదీ పాత ప్రొజెక్టర్లలో బల్బు బదులు కాలే కార్బన్ కడ్డీల వెలుగే అయ్యుండాలి. ఆ కడ్డీలు కాలి అరుగుతూ ఉంటే మధ్య ఎడం సరిచేస్తూ ఉండాలట. రెండు వేల అడుగుల రీలు సుమారు ఇరవై నిమిషాలకి అయిపోతుంది, రెండో ప్రొజెక్టర్‌కి మారాలి. అంటే ఆ అమ్మాయి ఏం చెప్పాలన్నా ఆ ఇరవై నిమిషాల్లోనే చెప్పాలి. ఆదివారం ఒక పాత ఆపరేటర్ గారు రమ్మన్నారు. కడ్డీ మార్చేటప్పుడు తెర మీద వెలుగు ఏ రంగులోకి తిరుగుతుందో ముందు ఆయన్ని అడగాలి.